వీసం

లివర్‌పూల్‌లో ఆ సందులోకి గాలి నది వైపు నుంచే వస్తుంది.
ఒకప్పుడు తడి తాళ్ళ వాసన, బొగ్గు వాసన, ఉప్పు.
ఇప్పుడు ఉప్పొక్కటే.

నేలమాళిగలో నలభై మూడు పెట్టెలు.
సోమవారానికల్లా ఖాళీ చెయ్యాలన్నారు.
నన్నే ఎందుకు పంపారంటే
నా కుర్చీ ఖాళీ అయ్యేదీ ఆ సోమవారమే.

మొదటి పెట్టెలో ఈనక్ థ్రెల్‌ఫాల్ ఉన్నాడు,
అంటే, అతని చేతిరాత.
పత్తి దళారుల మధ్య నిలబడి
అరుపుల్లోంచి అంకెలు ఏరుకుని
ఉల్లిపొర కాగితాల నడుమ మసికాగితాలు దూర్చి
ఒక్క నొక్కుకి పది ప్రతులు.
పదోది చదవాలంటే చూపు చాలదు, నమ్మకం కావాలి.
దాన్ని సగం ధరకే ఇచ్చేవాడు.

కుర్రాళ్ళు మోసేవాళ్ళు, పరుగున.
జీతాల పుస్తకంలో ఒకడి పేరు పక్కన 'బూట్లు' అని,
వారం వారం ఆరు పెన్నీల కోత.
బూట్ల అప్పు తీరడానికి పరిగెత్తాడు,
పరిగెత్తి బూట్లు అరగదీశాడు.
మళ్ళీ 'బూట్లు'.

పౌను పత్తి ధర పెన్నీల్లో,
పెన్నీ పదహారు ముక్కల్లో.
ఆ ముక్కకి వాళ్ళు పేరు పెట్టుకోలేదు.
మనకుంది. వీసం.
వీసమెత్తు సిగ్గు లేదు అంటామే, ఆ వీసం.
ఈ చలి గదిలో ఆ మాట గట్టిగా అన్నాను,
ఎవరూ లేరు కదా అని.

పదిహేడో పెట్టెలో పత్తి రకాల పట్టిక:
ఆర్లియన్స్, సూరత్, అట్టడుగున 'కొకనాడ'.
మన కాకినాడే, మూతి వంకరపోయి.
అక్కడి దూది ఇక్కడికొచ్చింది సరే,
ఇక్కడి ధర ఆ చేలో వంగిన చేతులకి
ఎన్నాళ్ళకి చేరిందో, చేరిందో లేదో
పట్టికలో ఆ గడి లేదు.

పొగమంచు కమ్మిన ఒక నవంబరులో
ముప్పావుని పావు అని రాశారు.
సాయంత్రానికి ఎకర్స్‌లీ అనే ఆయన గోదాము అమ్ముకున్నాడు.
మర్నాటి కాగితం అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో:
'నిన్నటి పావును ముప్పావుగా చదువుకోగలరు.'
ఎకర్స్‌లీ ఎలా చదువుకున్నాడో
ఏ పెట్టెలోనూ లేదు.

అప్పట్నుంచే గోడ మీద ఆ పలక:
నాలుగు కళ్ళు చూడనిదే అంకె గడప దాటరాదు.
ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు టిక్కు పెట్టాలి.
తంతి వచ్చినా అంతే, టేపు చుట్టలు వచ్చినా అంతే.
పత్తి పోయి తగరం, గోధుమ, ఓడ కిరాయిలు, వాటాలు వచ్చినా
ఆ రెండు గొంతులు పోలేదు.

బాంబులు పడే రాత్రుల్లో ఈ నేలమాళిగలోనే
విన్‌ఫ్రెడ్ మాలినో చదివేది, ఏడా క్రెలిన్ టిక్కులు పెట్టేది.
ఒక పేజీలో ఒక టిక్కు
గడి దాటి, మార్జిన్ దాటి, కాగితం అంచు దాకా జారిపోయింది.
దాని కిందది
ఉండాల్సిన చోటే ఉంది.

తర్వాతివన్నీ నాకు తెలిసినవే.
ఆకుపచ్చ అక్షరాల తెరలు,
షికాగో వాళ్ళు కొనడం, వాళ్ళని ఇంకెవరో కొనడం.
నాలుగో అంతస్తులో నేను పదమూడేళ్ళు చదివాను,
డెక్లన్ టిక్కు పెట్టాడు.
వాడికి తెలీదు, ప్రతి అంకే నా నోట్లోకి
తెలుగు మీదుగా వచ్చేదని.

ఇప్పుడు యంత్రం చదువుతుంది, యంత్రమే సరిచూస్తుంది.
తప్పు రాస్తే రెప్పపాటులో దిద్దుకుంటుంది,
చీమ తలకాయ అక్షరాలు కూడా అక్కర్లేదు.
ఆ రెప్పపాటులో ఎందరు ఎకర్స్‌లీలో, నేనడగలేదు.
అడిగే ఉద్యోగం నాది కాదిప్పుడు.

పాత కాగితాల లారీ వచ్చింది.
పెట్టెలన్నీ ఒకేసారి కాటాకెక్కించి అతను అరిచాడు:
'ఆరువందల పన్నెండు కిలోలు.'

'మళ్ళీ చదవండి,' అన్నాను.

విసుగ్గా చూశాడు. వంగి,
చేతి తొడుగుతో అద్దం తుడిచాడు.
'పదమూడు.'

టిక్కు పెట్టాను.